నడిమి ఇంటి లెక్క

(ఆష్టిలో చేనేత కుటుంబాల సమావేశంలో సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎనిమిదో తరగతి వరకే చదివినవాళ్లం. అయినా సంఘం పద్దులు రాసి రాసి ఒక సంగతి తెలుసుకున్నాం. నేత ఇంటి బాధను లెక్క కట్టి చూపకపోతే ఆఫీసులో ఎవరూ వినరు. అందుకే ఈ రోజు ఇంటి ఆదాయం ఎట్లా లెక్క కట్టాలనేదే మాట్లాడదలిచాం.

ముందు సగటు సంగతి. తొమ్మిది ఇండ్లు ఉన్నాయనుకోండి. నెలకు వాటి రాబడి 3,000, 3,500, 4,000, 4,500, 5,000, 6,000, 7,000, 8,000, ఆఖరి ఇంటికి 40,000. మొత్తం 81,000. తొమ్మిదితో భాగిస్తే సగటు 9,000. ఈ తొమ్మిదింటిలో ఎనిమిది ఇండ్లు ఆ తొమ్మిది వేలు కండ్ల చూడనివే! ఒక్క షావుకారి ఇల్లు అందరినీ ఉన్నోళ్లను చేసి కూర్చోబెట్టింది.

అదే ఇండ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి నడిమి ఇంటిని చూడండి. అయిదో ఇల్లు, 5,000. దీన్నే మీడియన్ అంటారు, మన పుస్తకాల్లో మధ్యగతం అని ఉంటది. ఇండ్లు సరిసంఖ్య అయితే నడిమి రెండింటినీ కలిపి సగం చేయాలి. షావుకారి రాబడి లక్ష అయినా నడిమి ఇల్లు కదలదు.

ఇది మనకెందుకంటే, నాబార్డు వారి 2021-22 సర్వేలో పల్లె కుటుంబం నెల ఆదాయం సగటున 12,698 రూపాయలు. 2019-20 చేనేత గణనలో మాత్రం దేశంలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాలకు నెలకు 5,000 కూడా రావని తేలింది. అంటే వరుసలో నిలబెడితే నడిమి నేత ఇల్లు ఆ అయిదు వేల కిందనే ఉంది. ఏ అంకె ముందు పెట్టుకుని మన అర్జీ చూస్తారో, దాన్ని బట్టే మన గతి.

మరి ఆష్టికి, చామోర్షికి, సిరోంచకు విడిగా అంకె ఉందా అంటే, పెద్ద సర్వేల్లో చిన్న తాలూకా నుంచి కొద్ది ఇండ్లే తీసుకుంటారు. కొద్ది ఇండ్లతో తీసిన అంకె నమ్మకంగా నిలవదు. అమెరికాలో సైతం జనం తక్కువ ఉన్న కౌంటీలకు పెద్ద సర్వే అంకెలను అయిదేండ్లవి కలిపి ఇస్తారు. మన ఇండ్లు ఇంకా తక్కువ గనుక కొన్నింటిని ఎంచుకోవద్దు, ఇంటింటికీ పోదాం. రోడ్డు పక్క ఇండ్లే అడిగి, వెనుక వాడను వదిలేస్తే లెక్క పక్కకు ఒరుగుతది.

అడిగేటప్పుడు మూడు సంగతులు మరువవద్దు.

ఒకటి, అమ్మకం ఆదాయం కాదు. సొంత నూలుతో నేసిన బట్ట 10,000కు అమ్మితే, నూలుకు, రంగుకు 6,000, పడుగు, గంజి పనులకు 800 పోయిందనుకోండి. ఇంటికి మిగిలింది 3,200. సంఘం నూలు ఇచ్చి నేయించుకుంటే వచ్చే మజూరీయే ఆదాయం.

రెండు, ఒక్క నెల అడిగితే మోసపోతాం. మన దిక్కు ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు, వానాకాలం వరి నాట్లు, ఆ తర్వాత తెలంగాణకు మిరప ఏరను పోవుడు. వానల్లో పడుగు ఆరదు, మగ్గం ఆగుతది. పన్నెండు నెలలవి కలిపి పన్నెండుతో భాగిస్తేనే నిజం.

మూడు, ఇంట్లో అందరి సంపాదన రాయాలి. కండెలు చుట్టే ఇల్లాలికి ఎవరూ విడిగా కూలి ఇవ్వరు, కానీ ఆమె చెయ్యి లేనిదే మగ్గం ఆడదు. అందుకే పని చేసేవాళ్లు ఎందరో, తినేవాళ్లు ఎందరో పక్కన రాయండి. ఒక్కరు సంపాదించిన 5,000, ముగ్గురు కష్టపడ్డ 5,000 ఒకటి కావు. తెచ్చిన అప్పును ఆదాయంలో కలపవద్దు.

రేషన్ కార్డు పోతదని కొందరు తగ్గించి చెప్తారు, పిల్ల పెండ్లి ఉందని కొందరు పెంచి చెప్తారు. అందుకని కాగితం మీద పేరు వద్దు, నంబరు చాలు. ఆ కాగితాలు సంఘం పెట్టె దాటి బయటికి పోవు. బయటికి పోయేది నడిమి అంకె, దాని కింద ఎన్ని ఇండ్లు ఉన్నాయనే లెక్క, అంతే.

గజం బట్టకు ఎంత నూలు పడుతదో మన పిల్లలకు కూడా తెలుసు. ఇంటికి ఎంత మిగులుతదో మాత్రం మనమే రాసుకోలేదంటే, మజూరీ పెంచమని ఏ మొఖంతో అడుగుతాం? వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ఇంటికో నోటుబుక్కు పెట్టండి. చదువుకునే పిల్లతోనో పిల్లగానితోనో రాయించండి. ఏడాది తిరిగేసరికి మన అంకె మన చేతిలో ఉంటది.

 జై మార్కండేయ!