ఐపీ అడ్రసు అంటే మనిషి కాదు

మీ ఐపీ అడ్రసు మా దగ్గరుందని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడకండి. అది కనెక్షన్ చిరునామా మాత్రమే. ఆ సమయంలో అది ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీ రికార్డులే చెప్పాలి.

ఆ రికార్డే తప్పయితే? 2007లో ఆర్కుట్‌లో శివాజీని కించపరిచాడంటూ పుణె పోలీసులు బెంగుళూరులో మనలాంటి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును అరెస్టు చేశారు. ఎయిర్‌టెల్ ఇచ్చిన వివరాలు తప్పు. చేయని నేరానికి 50 రోజులు జైల్లో ఉన్నాడు.

ఇక అమెరికాలో దొంగలకు కావలసింది ఐపీ కాదు, మన సోషల్ సెక్యూరిటీ నంబరు. 2017లో ఒక్క ఈక్విఫాక్స్ నుంచే సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. 2018 సెప్టెంబరు నుంచి క్రెడిట్ ఫ్రీజ్ ఉచితం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ పెట్టించుకోండి. మాట ధైర్యంగా మాట్లాడదాం, ఇంటికి మాత్రం తాళం వేసుకుందాం. సెలవు.