కొనేముందు అటకెక్కి చూడండి



మా విన్నిపెగ్‌లో చలికాలం మైనస్ 35 డిగ్రీలకు దిగుతుంది, వేసవిలో 35కి ఎక్కుతుంది. రెంటినీ తట్టుకునేలా 2009లో ఇక్కడ 22 అంతస్తుల మానిటోబా హైడ్రో ప్లేస్ ప్రారంభమైంది. దాని కింద సుమారు 125 మీటర్ల లోతున 280 బోర్లు వేశారు. చలికాలంలో భూమి నుంచి వేడి తీసుకుంటారు, వేసవిలో భవనంలోని వేడిని భూమికే అప్పగిస్తారు.

నేను కొట్టు కొన్నప్పుడు అద్దెలు లెక్కపెట్టాను గాని పైకప్పు చూడలేదు. మొదటి చలికాలమే పైపు గడ్డకట్టి పగిలింది. కొట్టు మూసినా బ్యాంకు వాయిదా ఆగలేదు. తరువాత సందులు మూయించి, అటకలో ఇన్సులేషన్ వేయిస్తే గ్యాస్ బిల్లు దిగింది.

మనలో మోటళ్ళు, కొట్లు కొనేవారున్నారు. నా మాట అటకెక్కించకండి, కొనేముందు మీరే అటకెక్కి చూడండి!