అరచేయంత ఆధారం



ఊరగాయల గురించి, పిల్లల పెంపకం గురించి, కుట్టుపనుల గురించి మీరు ఈ కార్యక్రమంలో ఎన్నో ప్రసంగాలు విని వుంటారు. ఇవాళ నేను చెప్పబోయేది కారు టైర్ల సంగతి. "ఈవిడకెందుకమ్మా ఆ గొడవ, మగవాళ్ళూ మెకానిక్కులూ చూసుకుంటారు గదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. కిందటేడు దాకా నేనూ అలాగే అనుకున్నాను. దర్జాగా కారెక్కి కూర్చోవటమే తప్ప, అది దేనిమీద నడుస్తున్నదో ఒక్కసారి వంగి చూసిన పాపాన పోలేదు. నా చేత చూపించింది మా కోడలు.

మా అబ్బాయీ కోడలూ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో వుంటారు. కిందటేడు మార్చి నెలాఖరున మావారూ నేనూ వెళ్ళి ఆరు నెలల పాటు వాళ్ళ దగ్గర వున్నాం. ఇంట్లో రెండు కార్లు. ఒకటి సంసారపక్షంగా వుండే పెద్ద కారు. రెండోది మా కోడలిది. మాజ్దా కంపెనీ మియాటా, రెండే సీట్ల స్పోర్ట్సు కారు. చూస్తే బొమ్మకారులా వుంటుంది. బరువు వెయ్యి కిలోలకి కొంచెం పైన. ఆ అమ్మాయి రోజూ ఆఫీసుకి వెళ్ళేది అందులోనే, ఆదివారాలు పోటీకి వెళ్ళేదీ అందులోనే.

పోటీ అనగానే నాకు గుండె గుభేలుమంది. తీరా వెళ్ళి చూస్తే అది నేననుకున్నట్టు కార్లు ఒకదాన్నొకటి తరుముకునే పందెం కాదు. దాన్ని ఆటోక్రాస్ అంటారు. ఖాళీగా వున్న పెద్ద పార్కింగు స్థలంలో నారింజరంగు కోన్లు పెట్టి వంకరటింకర దారి చేస్తారు. ఒక్కొక్క కారే వెళ్ళాలి. ఎవరు తక్కువ సమయంలో తిరిగి వస్తే వారు గెలిచినట్టు. కోను తగిలి పడిందా, 2 సెకన్లు కలిపేస్తారు. తమ వంతు కానప్పుడు పోటీదారులే ఎండలో నిలబడి పడిపోయిన కోన్లు నిలబెట్టాలి. మన ఇళ్ళల్లో పంక్తి లేచాక వడ్డించినవాళ్ళు కూర్చున్నట్టు వుంటుంది వరస.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్ రెండోవారంలో ఒకనాటి పొద్దున నన్ను లైబ్రరీ దగ్గర దింపుతానని కోడలు కారు తీసింది. రాత్రంతా వాన. చలి ఎముకలు కొరుకుతున్నది. వీధి మలుపు తిరిగి పెద్ద రోడ్డు ఎక్కుతున్నాం. పెద్ద వేగమేమీ కాదు. ఉన్నట్టుండి కారు వెనకభాగం పక్కకి జారింది. ఒక్క క్షణంలో బండి గిర్రున తిరిగి, మేము వచ్చిన వైపుకే మొహం పెట్టి ఆగింది. ఎదురుగా పసుప్పచ్చ స్కూలు బస్సు. దేవుడి దయవల్ల ఆ డ్రైవరు దూరంలోనే ఆపేశాడు. దెబ్బలేమీ తగల్లేదు గాని, స్టీరింగు మీద మా కోడలి చేతులు వణుకుతూనే వున్నాయి.

"తప్పు నాదే అత్తయ్యా. చలి ఇంకా పోలేదు. పోటీ టైర్లు తొందరపడి వేయించాను" అన్నది.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. మా అబ్బాయి ఆ కారు అమ్మేయాల్సిందే అన్నాడు. మావారు కొడుకు పక్షం. కోడలు మాట్లాడకుండా కూర్చున్నది. నాకు మాత్రం ఆ అమ్మాయి పొద్దున అన్న మాటే మెదులుతున్నది. తప్పు కారుదైతే అమ్మేయవచ్చు. టైర్లదైతే? "అసలు ఈ టైర్ల కథేమిటో నాకు మొదట్నించీ చెప్పు తల్లీ" అన్నాను.

అప్పుడు నా చెయ్యి పట్టుకుని బల్లమీద బోర్లించింది. "కారు ఎంత పెద్దదైనా ఒక్కొక్క టైరు నేలకి తగిలేది ఇంత మేరే అత్తయ్యా, సుమారు ఒక అరచేయంత. నాలుగు టైర్లకీ కలిపి నాలుగు అరచేతులు. బ్రేకు వేసినా మలుపు తిరిగినా మనని పట్టుకునేది అవే" అన్నది. అప్పటిదాకా మనని కాపాడేది బ్రేకులనుకున్నాను. బ్రేకులు చక్రాన్ని ఆపుతాయి, కారుని ఆపేది మాత్రం టైరూ నేలా కలిసి.

టైరు రబ్బరు అన్నిట్లో ఒకటే కాదు. మన కొబ్బరినూనె చూడండి. వేసవిలో నీళ్ళలా వుంటుంది, చలికాలం సీసాలో గడ్డకట్టి వుంటుంది. టైరు రబ్బరు అలా కరగదు గాని, చలికి గట్టిపడటంలో స్వభావం అదే. వేసవి టైర్ల రబ్బరు వేడిలో పట్టు బాగా ఇచ్చేటట్టు కలుపుతారు. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే అది బిరుసెక్కి నేలని పట్టుకోదు. శీతాకాలపు టైర్లు చలిలోనూ మెత్తగానే వుంటాయి, ఎండాకాలం వేస్తే త్వరగా అరిగిపోతాయి. అన్ని కాలాల టైర్లని మరో రకం వుంది. అది మధ్యేమార్గం. అన్నిటికీ పనికి వస్తుంది గాని దేంట్లోనూ మొదటిది కాదు.

వేసవి టైర్లలోనే మళ్ళీ పోటీలకి దగ్గరగా వుండే జాతి వుంది. బాగా జిగురుగా వుంటాయి. కాస్త పరుగెత్తి వేడెక్కాక వాటి పట్టు చూడాలి. పెనం కాలితేనే గదా అట్టు సరిగ్గా వచ్చేది, అలాగన్నమాట. ఇంట్లోంచి బయలుదేరి వీధి చివరికి వెళ్ళేసరికి పెనం కాలదు. ఆ పొద్దున జరిగింది అదే. దానికితోడు అవి కిందటి సీజన్‌లో కొన్నవి, గాడులు సగానికి పైగా అరిగి వున్నాయి. గాడులు వున్నది అందానికి కాదు, టైరు కిందనించి నీళ్ళు బయటికి నెట్టటానికి. గాడి లోతు తగ్గితే నీళ్ళకి పోయే దారి వుండదు, టైరు నీళ్ళమీద తేలిపోతుంది.

మరి కొనేటప్పుడు ఏది ఏ జాతిదో తెలిసేదెట్లా? టైరు పక్కనే రాసి వుంటుంది. మా కోడలి టైరుమీద 205/45 ఆర్ 17, ఆ పక్కన 84 డబ్ల్యు అని వుంది. 205 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు. ఆర్ అంటే రేడియల్. 17 అంటే మధ్యలో చక్రం కొలత, అంగుళాల్లో. 84 అనేది బరువుకి గుర్తు, ఒక్కొక్క టైరు 500 కిలోలు మోయగలదని. డబ్ల్యు అంటే గంటకి 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. అంత వేగంగా పొమ్మని కాదు సుమండీ!

అమెరికాలో అమ్మే టైర్లమీద ట్రెడ్‌వేర్ అని ఇంకో అంకె వుంటుంది. ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె అది. 100 అనే ప్రమాణంతో పోల్చి, తయారుచేసినవారే పరీక్షించి వేస్తారు. అందుకని రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి తూకం వేయటం పూర్తిగా కుదరదు. అయినా మోటుగా ఒక అంచనా దొరుకుతుంది. అన్ని కాలాల టైర్లకి 400, 500, ఆ పైన వుంటుంది. మంచి వేసవి టైర్లకి 300 ప్రాంతం. పోటీ జాతికి 200. అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్ వారి ఆటోక్రాస్ పోటీల్లో, రోడ్డుమీద తిరిగే మామూలు కార్ల తరగతికి 200కి తగ్గకూడదని నియమం. కాబట్టి గెలవాలనుకునేవారు చాలామంది సరిగ్గా 200 దగ్గరే ఆగుతారు. మా కోడలూ మళ్ళీ అవే కొందామనుకుంటున్నది. నాలుగూ కలిపి ఎనిమిది వందల డాలర్ల దాకా అవుతాయట.

అంతా విని నేనొక ప్రశ్న అడిగాను. "ఆదివారం నువ్వు మొత్తం ఎంతసేపు పరుగెత్తిస్తావే అమ్మాయ్?"

"నాలుగైదు పరుగులు అత్తయ్యా. ఒక్కొక్కటి నిమిషం" అన్నది.

"అంటే అయిదు నిమిషాలు. మరి ఆఫీసుకి రానూ పోనూ రోజుకి గంట. వారానికి అయిదు గంటలు. ఆ అయిదు గంటల్లో వాన వుంటుంది, చలి వుంటుంది, స్కూలు బస్సు వుంటుంది. ఆదివారం నీకెదురుగా వుండేది కోను."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. మా అబ్బాయి సంతోషంగా తలూపబోతుంటే వాడితోనూ అన్నాను, "ఒరేయ్, కారు అమ్మమనటానికి నేనీ లెక్క చెప్పలేదు. నీ క్రికెట్టు బ్యాట్లు ఎవరైనా అమ్మమన్నారా?" అని.

చివరికి తేలిందిది. నవంబరు నుంచి మార్చి దాకా శీతాకాలపు టైర్లు. వాటిని మార్చేది క్యాలెండరు చూసి కాదు, పొద్దుటిపూట థర్మామీటరు చూసి. తక్కిన రోజులకి 300 ప్రాంతపు వేసవి టైర్లు, వానలో పట్టు బాగుందని పేరున్నవి. ఆఫీసుకీ పోటీకీ అవే. ఎప్పుడైనా డబ్బు కలిసివస్తే జిగురు టైర్లు వేరే చక్రాలకి ఎక్కించి, గ్యారేజీలో పెట్టుకుని, ఆదివారం మాత్రమే తగిలించుకోవచ్చు.

ఆ తరవాతి పోటీకి నేనూ వెళ్ళాను. కోడలు నాకొక సుద్దముక్క ఇచ్చి టైరు అంచున పైనించి పక్కగోడ దాకా గీతలు గీయమన్నది. ముగ్గులు వేసిన చెయ్యి గదా, చక్కగా గీశాను. పరుగు పూర్తయ్యాక చూస్తే, సుద్ద ఎంతమేర చెరిగిందో అంతమేర టైరు మలుపుల్లో ఒరిగినట్టు. అంచున చిన్న త్రికోణం గుర్తు వుంటుంది. సుద్ద అక్కడిదాకా చెరిగితే గాలి సరిపోయినట్టు. అదీ దాటి పక్కగోడ మీదికి పోతే గాలి తక్కువైనట్టు, ఇవతలే ఆగితే ఎక్కువైనట్టు. ఇంటికి బయలుదేరే ముందు మళ్ళీ రోడ్డుకి తగిన గాలి పెట్టుకోవటం మరువకూడదు.

ఆ రోజు మా అమ్మాయి అంతకుముందు కంటే సెకను పైగా వెనకబడింది. ఎప్పుడూ మూడో స్థానమో నాలుగో స్థానమో వచ్చేది, ఆరోది వచ్చింది. మనసు చిన్నబుచ్చుకున్నమాట నిజమే. తిరిగి వచ్చేటప్పుడు జోరున వాన. ఆ వానలో అదే మలుపు దగ్గరికి వచ్చాం. ఇద్దరమూ మాట్లాడటం మానేశాం. కారు గీత గీసినట్టు తిరిగింది. "సెకను పోతే పోయిందిలెండి అత్తయ్యా" అన్నది.

ఇంతకీ ఇదంతా మనకెందుకంటారా? మనం పోటీలకి వెళ్ళం. లంబసింగి లాంటి చోట తప్ప మనకి అంత చలీ లేదు. కాని వాన మనకీ వుంది, మన కారుకీ నాలుగు అరచేతులే వున్నాయి. సదాశివపేటలో టైర్లు తయారవుతున్నాయి, చిన్నపాండూరులో తయారవుతున్నాయి. మన గడప ముందు తయారైన వస్తువుమీద ఏం రాసి వుందో మనమే చదవం. పప్పు కొంటే పురుగు చూస్తాం, మందు కొంటే తేదీ చూస్తాం. టైరుకీ తేదీ వుంటుంది. పక్కగోడమీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు వుంటాయి. 3524 అని వుంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్ళు దాటితే ఏటా పరీక్ష చేయించండి. పదేళ్ళు దాటితే గాడులు ఎంత లోతుగా వున్నా మార్చేయండి.

గాడుల అడుగున అక్కడక్కడ 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న కట్టలు వుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దానికి కాలం చెల్లినట్టే. వానాకాలం ముందైతే అంతదాకా ఆగకండి. గాలి నెలకొకసారైనా, బండి కదలకముందు, పొద్దున్నే చూడండి. ఎన్ని పాయింట్లు పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీమీద వుంటుంది. టైరుమీద వుండే అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకూడదు. డబ్బు చాలక రెండు టైర్లే కొంటే కొత్తవి వెనక చక్రాలకి వేయించండి. ముందువి జారితే స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనకవి జారితే ఏమవుతుందో నేను చూసి వచ్చాను.

రేపు పొద్దున ముగ్గువేయటానికి వాకిట్లోకి వెళ్ళినప్పుడు, సుద్దముక్క చేతిలో వుండగానే, ఒక్కసారి ఆ టైరు దగ్గర వంగి చూడండి. మన పిల్లలు ఎక్కే బండి అది.



(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)