ఆయమ్మ పని, నర్సు కన్ను



ఇప్పుడు పట్టా అందుకున్న మీలో కొందరు ఏడాది తిరిగేసరికి నర్సుగా కాక కేరర్‌గా పనిచేస్తుంటారు. పండగ పూట అనాల్సిన మాట కాదేమో. కానీ ఆ దారిన నడిచినదాన్ని, నేనే చెప్పాలి.

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఐసీయూలో రెండేళ్లు చేసి బ్రిటన్ వెళ్లాను. అక్కడి రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా ఒక వృద్ధాశ్రమంలో కేరర్ పని. పొద్దున్నే పెద్దవాళ్లను లేపడం, స్నానం, డైపర్లు మార్చడం, తినిపించడం. అమ్మ ఫోన్ చేస్తే "ఆసుపత్రిలోనే చేస్తున్నా" అని అబద్ధం చెప్పాను. మన దగ్గర అది ఆయమ్మ పని కదా!

మన వార్డుల్లో రోగి ఒళ్లు తుడిచేది ఆయమ్మ, లేదంటే వెంట వచ్చిన కూతురో కోడలో. సూదులు, సెలైన్లు, ఫైళ్లు మనవి. అందుకే ఆ రెండేళ్లలో నేను ఒక్క రోగి మడమైనా సరిగా చూసి ఎరగను. నొక్కితే తెల్లబడని ఎరుపు బెడ్ సోర్‌కు తొలి గుర్తని పరీక్షలో రాశాను. దాన్ని వేలితో నొక్కి చూసింది మాత్రం కేరర్‌నయ్యాకే.

అక్కడ ఎనభై దాటిన ఒకావిడ, టీ పలచగా ఉందని నన్ను రోజూ కోప్పడేది. ఒక సాయంత్రం నన్ను ఏదో పేరుతో పిలిచింది. మతిమరుపు ముదిరిందన్నారు తోటివాళ్లు. కానీ డైపర్ మారుస్తున్నది నేను. అది పొద్దుటి నుంచి పొడిగానే ఉంది. నిండా నిమిషం శ్వాస లెక్కపెట్టాను: 26. రోగి పరిస్థితి దిగజారడాన్ని పసిగట్టేందుకు అక్కడి ఆసుపత్రులు వాడే న్యూస్2 పట్టికలో శ్వాస 25కు చేరితే అదొక్కటే మూడు పాయింట్లు. కాన్యులా పెట్టి సెలైన్ ఎక్కించాలని చేతులు ఆరాటపడ్డాయి. ఆ పోస్టులో నాకు ఆ హక్కు లేదు. ఛార్జ్ నర్సుకు చెబితే రేపు చూద్దామంది. మళ్లీ వెళ్లాను, ఈసారి అంకెలతో: "తాగింది రెండు కప్పులు, మూత్రం లేదు, శ్వాస నిన్న 16, ఇవాళ 26." ఆమె లేచి వచ్చింది. ఆ రాత్రే అంబులెన్స్. మూత్రంలో ఇన్ఫెక్షన్.

నేను మీకు చెప్పదలచింది ఇదే. చేతులు పోస్టు మేరకే కదలాలి, కన్ను మాత్రం మీ చదువు మేరకు చూడాలి. చూసింది చెప్పాలి, రాసిపెట్టాలి, వినకపోతే మళ్లీ చెప్పాలి.

చేతులకు పోస్టు గీసిన ఈ గీత మీకూ కాపలా. అటెండెంట్ జీతమిచ్చి "నర్సమ్మవే కదా" అంటూ ఇంజెక్షన్లు చేయించుకునే ఇళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అది మీ లైసెన్సును దోచుకోవడమే. సూది పట్టాలంటే నర్సు నియామక పత్రం, నర్సు జీతం, డాక్టరు రాత అడగండి.

ఇక విదేశాల సంగతి. కేరర్ల కోసం బ్రిటన్ తెరిచిన తలుపు 2025 జులై 22 నుంచి బయటి దేశాల కొత్తవాళ్లకు మూసుకుంది. జపాన్ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా, నర్సులు వెళ్లేది కేర్ పనికే. అది నర్సు లైసెన్సు కాదు. జర్మనీలో మన డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా సహాయకులుగానే చేయాలి. ఏ దేశమైనా సంతకానికి ముందు అడగండి: నర్సు రిజిస్ట్రేషన్ ఎప్పటికి, ఖర్చు ఎవరిది, కాగితం మీద ఉందా? మన చట్టం ప్రకారం ఏజెంటు సర్వీసు ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించకూడదు. లక్షలడిగితే లేచి వచ్చేయండి. ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను గడువు దాటనివ్వకండి.

ఆ పెద్దావిడ అంబులెన్స్ ఎక్కిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "మీ నాయనమ్మకు ఏడాదిన్నర నేను చేసింది అదేగా" అంది. తర్వాత అడిగింది:

"ఆవిడ ఇప్పుడు నీళ్లు తాగుతోందా?"