పత్రికల పక్షం, సర్కారు పెత్తనం



మీడియా పక్షపాతం గురించి, దాన్ని అదుపు చేయడంలో ప్రభుత్వ పాత్ర గురించి మాట్లాడమన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీడియాకు పక్షపాతం ఉంది. నిన్న ఉంది, నేడు ఉంది, రేపూ ఉంటుంది. దాన్ని కొలిచి సరిచేసే అధికారం ప్రభుత్వానికి అప్పగిస్తే పక్షపాతం పోదు. పది పక్షాలు పోయి ఒక్క పక్షం మిగులుతుంది. వార్తల్లోకెల్లా పెద్ద పాత్రధారి ప్రభుత్వమే కదా! గట్టు జరిపిన ఆసామినే గట్టు తగాదాకు పెద్దమనిషిగా కూర్చోబెడితే తీర్పు ఎటు పోతుందో పల్లెలో పుట్టినవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

నేను స్వేచ్ఛావాదిని. లిబర్టేరియన్ అని మీరు వినే ఉంటారు. సాటిమనిషికి హాని చేయనంతవరకు ఎవరి మాటకూ, ఎవరి వ్యాపారానికీ సర్కారు అనుమతి అవసరం లేదని నమ్మేవాణ్ని. ఈ ఆలోచన మన నేలకు కొత్తది కాదు. 1959లో రాజాజీ ప్రభృతులు స్వతంత్ర పార్టీని స్థాపించినప్పుడు దానికి తొలి అధ్యక్షులు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారు. లైసెన్సులు, పర్మిట్లు, కోటాలు పౌరుణ్ని ప్రభుత్వం ముందు చేతులు కట్టుకుని నిలబెడతాయని ఆ పార్టీ హెచ్చరించింది. ఆ కోటాల రాజ్యం పత్రికలనూ వదల్లేదు.

రిపబ్లిక్ ఏర్పడిన తొలి ఏడాదికే వెళదాం. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, బొంబాయి నుంచి రొమేశ్ థాపర్ నడిపే వామపక్ష వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ను తన సరిహద్దుల్లోకి రానివ్వలేదు. ఢిల్లీలో అధికారులు ఆర్.ఎస్.ఎస్. భావాల పత్రిక ‘ఆర్గనైజర్’కు ముందస్తు సెన్సారు పెట్టారు. ఒకటి ఎడమ కొస, మరొకటి కుడి కొస. 1950 మే 26న సుప్రీంకోర్టు రెండింటికీ ఒకే రోజు న్యాయం చేసింది. ప్రభుత్వం ఊరుకోలేదు. మరుసటి ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, భావప్రకటన మీద ఆంక్షలకు కొత్త కారణాలు చేర్చింది. బద్ధవిరోధులైన ఆ రెండు పత్రికలకు కావలసింది ఒకే స్వేచ్ఛ. ఒకరికి లేకపోతే రెండోవారికీ ఉండదు. ఈ సంగతిని ఆ రోజే గట్టిగా పట్టుకుని ఉంటే తర్వాతి కష్టాలు కొన్నయినా తప్పేవి.

ఆ తర్వాత ప్రభుత్వం సెన్సారు కత్తెర పక్కన పెట్టి న్యాయం అనే మాట ఎత్తుకుంది. పెద్ద పత్రికలు చిన్నవాటిని మింగేస్తున్నాయి, వాటిని ఆపాలి అన్నది. వినడానికి ఎంతో ధర్మంగా ఉంది. 1956లో పార్లమెంటు ధర–పేజీల చట్టం చేసింది. దాన్ని అమలు చేస్తూ 1960లో వచ్చిన ఉత్తర్వు ఇన్ని పైసలకు ఇన్ని పేజీలే అమ్మాలని నిర్ణయించింది. పేజీలు పెంచాలంటే ధర పెంచాలి, ధర పెంచితే పాఠకుడు తగ్గుతాడు. దిగ్గజాలను అదుపు చేయడానికంటూ తెచ్చిన ఆ ఉత్తర్వు మీద కోర్టుకెక్కింది ఎవరు? పుణె నుంచి వెలువడే మరాఠీ పత్రిక ‘సకాళ్’. చిన్నవారిని కాపాడతానన్న చట్టం ఒక ప్రాంతీయ భాషా పత్రిక గొంతు మీదే కాలు పెట్టింది. ఒకరి వ్యాపారం పెంచడానికి ఇంకొకరి వాక్కును కుదించడం కుదరదని 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

అయినా పట్టు సడలలేదు. అప్పట్లో న్యూస్‌ప్రింట్ ఎక్కువగా విదేశాల నుంచి రావాలి, దిగుమతి ప్రభుత్వం గుప్పిట్లో ఉండేది. 1972–73 న్యూస్‌ప్రింట్ విధానం దినపత్రికకు 10 పేజీల హద్దు పెట్టింది. తనకు కేటాయించిన కాగితంలోనే ప్రతులు తగ్గించి పేజీలు పెంచుకుంటానన్నా ఒప్పుకోలేదు. బెన్నెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఈ విధానాన్నీ కొట్టేసింది. కాగితం నియంత్రణ పేరుతో జరుగుతున్నది పత్రికల నియంత్రణే అని గుర్తించింది. ఆ ధర్మాసనంలో విభేదించిన ఒకే ఒక్క న్యాయమూర్తి జస్టిస్ మాథ్యూ. పత్రికా స్వేచ్ఛ యజమానులకే పరిమితమైతే సామాన్యుడి మాట వినిపించేదెలా అన్నది ఆయన ఆవేదన. ఆ ఆవేదనను నేను గౌరవిస్తాను. కానీ ఆయన సూచించిన దారిలో సామాన్యుడికి చోటు పంచేది ప్రభుత్వమే. ఆ తీర్పు వచ్చిన మూడేళ్లలోపే ఆ ప్రభుత్వం ఏం చేసిందో దేశమంతా చూసింది.

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు. మర్నాటి నుంచి ముందస్తు సెన్సారు. పీటీఐ, యూఎన్ఐ సహా నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’ అనే ఒకే సంస్థ చేశారు. ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేశారు. పక్షపాతం లేని దేశం ఎలా ఉంటుందో చూడాలనుకున్నవారికి ఎమర్జెన్సీ నడిచిన ఆ 21 నెలల్లో కనిపించింది. అన్ని పత్రికల్లోనూ ఒకే వార్త!

ఇక మన తెలుగు అనుభవానికి వస్తాను. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ కేంద్రం చేతిలో ఉన్నాయి. అవి పేరుకు అందరివీ, తటస్థమైనవీ. ‘ఈనాడు’ తటస్థంగా లేదు. తెలుగుదేశం వైపు నిలబడ్డ పత్రిక అది, ఆ సంగతి దాచుకోనూ లేదు. అయినా ఆ నెల రోజులూ జనం మెజారిటీ ఎవరికుందో తెలుసుకోవడానికి పత్రికల మీద ఆధారపడ్డారు. సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ప్రమాణం చేశారు. పక్షం పట్టిన పత్రిక కూడా ప్రజాస్వామ్యానికి కాపుకాయగలదు. ఎవరి పక్షమో పాఠకుడికి తెలియడం, ఎదుటి పక్షానికీ అచ్చుయంత్రం ఉండడం, ఈ రెండూ చాలు.

మన భాషలో ఈ రెండూ ఉన్నాయి. ‘విశాలాంధ్ర’ సీపీఐదని, ‘ప్రజాశక్తి’ సీపీఎందని అందరికీ తెలుసు. 2008లో ‘సాక్షి’, 2011లో ‘నమస్తే తెలంగాణ’ ఎవరి ఆశయాలతో వచ్చాయో దాపరికం లేదు. ఒకే అసెంబ్లీ సమావేశాన్ని రెండు పత్రికల్లో చదివి అసలు జరిగిందేమిటో తేల్చుకునే నేర్పు తెలుగు పాఠకుడికి ఎవరూ బడిలో నేర్పలేదు. అలవాటు మీద అబ్బింది. అమెరికాలో గెంట్జ్‌కో, షపీరో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి దినపత్రికలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రిక ఎటు మొగ్గుతుందనేది యజమాని ఇష్టం కన్నా పాఠకుల మొగ్గును బట్టే ఎక్కువగా ఉంటుందని వారు తేల్చారు. అంటే పక్షపాతంలో మన వాటా కూడా ఉంది. దాన్ని తగ్గించే శక్తీ మన చేతిలోనే ఉంది.

అమెరికా ప్రస్తావన వచ్చింది కనుక, చట్టంతో నిష్పాక్షికత సాధించాలని ఆ దేశం చేసిన ప్రయత్నం చూద్దాం. 1949 నుంచి అక్కడ ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ అనే నియమం ఉండేది. రేడియో, టీవీ స్టేషన్లు వివాదాస్పద విషయాలను చర్చించాలి, భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి. ఇంతకన్నా మంచి నియమం ఉంటుందా అనిపిస్తుంది. 1969లో రెడ్ లయన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ కేసు వెనకున్న కథను 1976లో ఫ్రెడ్ ఫ్రెండ్లీ అనే ప్రసిద్ధ పాత్రికేయుడు తన పుస్తకంలో వెలికితీశారు. అధికారంలో ఉన్న డెమొక్రాట్లు తమను విమర్శించే చిన్నచిన్న రేడియో స్టేషన్ల మీద ఈ నియమం కింద ఫిర్యాదులు పెట్టించి వేధించారు. ఖర్చు భరించలేక అవి నోరు మూసుకుంటాయన్నది వారి లెక్క. తర్వాత రిపబ్లికన్ల వంతు వచ్చింది. వాటర్‌గేట్ రోజుల్లో ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికను తాకలేక, ఆ సంస్థకు ఫ్లోరిడాలో ఉన్న టీవీ స్టేషన్ల లైసెన్సుల మీద నిక్సన్ అనుకూలురు అభ్యంతరాలు వేశారు. అచ్చు పత్రికకు లైసెన్సు లేదు, అందుకే నిలిచింది. టీవీకి లైసెన్సు ఉంది, అందుకే దొరికింది. 1987లో ఆ నియమాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత రేడియోలో ఘాటైన ఏకపక్ష చర్చలు పెరిగిన మాట నిజమే. అప్పటిదాకా గాలిలో లేని గొంతులు వినిపించిన మాట కూడా అంతే నిజం.

మన దగ్గర ఆకాశమార్గం కథ ఇంకా సగంలోనే ఉంది. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదంది. ఆ తీర్పులో భాగమైన మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ప్రైవేటు ప్రసారాలకూ హద్దులుండాలని భావించారు. తరంగాలు ప్రజల ఆస్తి కనుక ప్రజాసంస్థ అదుపులో ఉండాలన్నది వాదం. సవినయంగా విభేదిస్తాను. తరంగాలు పరిమితమైతే భూమీ పరిమితమే, కాగితమూ పరిమితమే. వాటిని అమ్ముకున్నట్టే తరంగాల హక్కునూ అమ్మవచ్చని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1959లోనే వాదించారు. ఫలానావాడు ఏం మాట్లాడతాడో చూసి ఇవ్వాల్సిన పని లేదు. మనమేమో 2001లో ప్రైవేటు ఎఫ్ఎం రేడియో తెచ్చుకుని, పాటలు వేసుకోండి, సొంతంగా వార్తలు మాత్రం చదవకండి అన్నాం. పత్రిక పెట్టి ఎవరైనా వార్త రాయవచ్చు, అదే వార్తను రేడియోలో చదవకూడదు. ప్రజాస్వామ్యంలో దీనికి సమర్థన ఎక్కడుంది?

టీవీ సంగతి మీకు ఇంకా దగ్గరగా తెలుసు. 2014లో తెలంగాణ ఏర్పడగానే అక్కడ టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లను కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. 2016లో కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ ఆగింది. 2024లో ప్రభుత్వం మారగానే అక్కడే సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ ఆగాయి, పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. ప్రతిసారీ మాకేం సంబంధం లేదన్నాయి ప్రభుత్వాలు. కేబుల్ తీగలు వేలాడేది కరెంటు స్తంభాల మీద. నడిచేది అనుమతుల మీద. ఆ స్థితిలో ఉన్న ఆపరేటరుకు ఆదేశం కాగితం మీద రానక్కర్లేదు.

పార్టీ ఏదైనా పద్ధతి ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో జీవో 938, 2019లో జీవో 2430, రెండూ వార్తల మీద కేసులు వేసే అధికారం ప్రభుత్వాధికారులకు ఇచ్చినవే. 2022లో అక్కడి గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తామన్న ఉత్తర్వును ‘ఈనాడు’ కోర్టులో సవాలు చేసింది. ప్రజల పన్నుతో ప్రభుత్వం పత్రికలకు పాఠకులను కొనిపెట్టాలా? కేంద్రమూ ఇందుకు తీసిపోలేదు. తన గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చే నిజనిర్ధారణ విభాగానికి 2023లో నిబంధన తెచ్చింది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది.

అబద్ధాలతో మనుషుల జీవితాలు నాశనమైతే చూస్తూ ఊరుకోమంటారా అని మీరు అడగవచ్చు. ఊరుకోమనను. పరువు పోయిన మనిషి సివిల్ కోర్టుకు వెళ్లి నష్టపరిహారం పొందాలి, అదీ త్వరగా పొందాలి. హింసకు ఉసిగొల్పినవాడు శిక్ష అనుభవించాలి. నిరూపించవలసిన ఒక హాని, దానికి బాధ్యుడైన ఒక మనిషి, స్వతంత్రమైన ఒక కోర్టు. ఇక్కడ చట్టానికి చోటుంది. మొత్తం మీద మీ ఛానల్ సమతూకంగా లేదు అనే ఆరోపణకు మాత్రం కొలబద్ద లేదు. కొలబద్ద లేని నేరాన్ని విచారించే అధికారం ఎప్పుడూ బలవంతుడి చేతి ఆయుధమే అవుతుంది. డబ్బున్నవారు మీడియాను కొనేస్తున్నారన్న భయమూ ఉంది. ఒక సంపన్నుడు ఒక ఛానల్ కొంటే మరో ఛానల్ చూడవచ్చు. ప్రభుత్వం లైసెన్సు ఆపితే చూడడానికి ఇంకోటి ఉండదు. పైగా ఆ సంపన్నులు ప్రభుత్వం ముందు తలవంచేది కాంట్రాక్టుల కోసం, ప్రకటనల కోసం, అనుమతుల కోసం. ఆ తాళ్లు తెంచితే సగం భయం తీరుతుంది.

అందుకే నేను కోరేవి ఇవి. ప్రభుత్వ ప్రచార ప్రకటనలకు ప్రజల డబ్బు ఆగిపోవాలి. ప్రైవేటు రేడియోకు వార్తలు చదివే హక్కు రావాలి. వార్తా ఛానల్‌కు మంత్రిత్వ శాఖ అనుమతి అనే పద్ధతి పోయి, పత్రికలాగే నమోదు చేసుకుంటే సరిపోవాలి. మలయాళం ఛానల్ మీడియావన్ అనుమతి కోసం 2023లో సుప్రీంకోర్టు దాకా పోరాడవలసి వచ్చిందని మరచిపోకండి. పరువునష్టం జైలు నేరంగా ఉండకూడదు.

పాత్రికేయ మిత్రులకు చివరిగా ఒక మాట. ప్రభుత్వం మీ మీద పెత్తనం చేయకూడదని నేను అడిగేది మీరు తప్పు చేయరని కాదు. మీ తప్పును ఎత్తి చూపే హక్కు పోటీ పత్రికకు, పాఠకుడికి ఉండాలని. తప్పు రాస్తే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి. మీ యజమానికి ఏ పార్టీతో, ఏ వ్యాపారంతో సంబంధముందో పాఠకుడికి చెప్పండి.

పాఠకులకూ ఒక విన్నపం. మీకు ఇష్టమైన ఛానల్ ఆగిపోతే అరవడం ఎవరికైనా వచ్చు. మీకు ఒళ్లు మండించే ఛానల్ ఆగిపోయిన రోజున కూడా, ఇది అన్యాయం అని బయటికి వచ్చి అనండి. 2014లో ఒకరు మౌనంగా ఉన్నారు, 2016లో మరొకరు, 2024లో ఇంకొకరు. అందుకే ఆ తెర వంతులవారీగా అందరికీ చీకటైంది. మన ప్రత్యర్థి నోటికి మనం కాపలా ఉన్నంతకాలమే మన నోటికి భద్రత.