నెలాఖరు వంటిల్లు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా 2025 ఫిబ్రవరిలో జరిగిన తల్లుల సదస్సులో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘంవారు నాకు కేటాయించిన అంశం ‘పిల్లల పోషణ – గృహిణి బాధ్యత’. ఈ శీర్షికలోని మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండవ సగంతో మాత్రం కొంత ఉన్నది. పిల్లల పోషణ గృహిణి ఒక్కతె బాధ్యత అయినట్లయితే, ఆమె చేతికి ఎంత డబ్బు వస్తున్నదో, ఏ తేదీన వస్తున్నదో కూడ మనం అడగవలసి ఉంటుంది. ఆ ప్రశ్న వేయకుండ పొదుపు గూర్చి ఉపన్యసించడం న్యాయం కాదు. కనుక ఈ రోజు మొదట లెక్క చెప్పి, తరువాతనే సలహా చెప్పదలచుకున్నాను.

‘కోటి విద్యలు కూటి కొరకే’ అని మన పెద్దలన్నారు. ముప్పై ఏళ్ళకు పైబడిన నా ఉపాధ్యాయవృత్తిలో ఆ మాటకు రెండో వైపు కూడ చూశాను. కూడు లేనిదే ఒక్క విద్య కూడ ఒంటబట్టదు. నేటి ఆకలి పూర్వపు కరవు కాటకాలనాటి ఆకలి వలె కంటికి కనిపించేది కాదు. పిల్ల ఉతికిన దుస్తులతో, దువ్విన తలతో, పూలు పెట్టుకొని వస్తుంది. మొదటి పీరియడులో చక్కగా సమాధానాలు చెబుతుంది. మూడవ పీరియడు నాటికి బల్లమీద తల వాలుస్తుంది. అడిగితే ‘తలనొప్పి, టీచర్’ అంటుంది. ఈ తలనొప్పులు సోమవారాలు ఎక్కువ, ఎందుకంటే శుక్రవారం మధ్యాహ్నం తరువాత ఆ పిల్లకు బడి భోజనం లేదు. నెలలో ఇరవయ్యో తేదీ దాటిన తరువాత ఇంకా ఎక్కువ. ఆ తేదీలే మనకు అసలు సంగతి చెబుతున్నవి.

ఈ విషయాన్ని మన పట్టణం నేడు కొత్తగా తెలుసుకున్నది కాదు. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు నగరపాలక పాఠశాల పిల్లలకు ఫలహారం పెట్టాలని తీర్మానం జరిగింది. తలకు రోజుకు ఒక అణాకు మించరాదని నియమం. ఆకలిగొన్న పిల్లలు బడికి రారన్న సంగతిని ఆ తీర్మానం వందేళ్ళ క్రిందటే గుర్తించింది. 1956లో కామరాజుగారి హయాములో మధ్యాహ్న భోజనం రాష్ట్రమంతటి బడిపిల్లలకు చేరసాగింది. 1982 జూలై 1న ఎం.జి.రామచంద్రన్‌గారి ప్రభుత్వం దానిని పౌష్టికాహార పథకంగా విస్తరించింది. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టవలసి వచ్చింది. 2022లో తమిళనాడులో ఉదయపు అల్పాహార పథకం మొదలైంది. అయితే అది 1 నుండి 5 తరగతుల వారికి. మనది ఉన్నత పాఠశాల. పిల్ల ఆరవ తరగతిలో చేరిన నాటి నుండి ఆమె ఉదయం మళ్ళీ ఇంటి మీదనే ఆధారపడుతుంది.

ఇక ఇంటి లెక్క. ఈ సంవత్సరం మన ఉపాధ్యాయినులు కొందరు తల్లుల ప్రక్కన కూర్చొని, వారి అనుమతితో ఒక నెల ఖర్చు వ్రాయించారు. ఆ తల్లులలో పారిశుద్ధ్య పనివారు, కట్టడాల కూలీలు, ఇళ్ళలో పాచిపని చేసేవారు, మూటలు మోసేవారి భార్యలు ఉన్నారు. వారి పేర్లు చెప్పను. లెక్క మాత్రం చెబుతాను.

అయిదుగురున్న ఇల్లు అనుకుందాం. రోజుకు కిలోన్నర బియ్యం వండుతారు. నెలకు 45 కిలోలు. రేషను దుకాణంలో ఉచితంగా 20 కిలోలు వచ్చినవనుకుంటే అవి 13 రోజులకు సరిపోతవి. మిగిలిన 25 కిలోలు అంగడిలో కిలో 50 రూపాయలకు కొన్నా 1,250 రూపాయలు. కందిపప్పు రేషనులో కిలో 30 రూపాయలకు, నెలకు ఒక కిలో దొరుకుతుంది. ఆ కిలోను ముప్పై రోజులకు, అయిదుగురికి పంచితే మనిషికి రోజుకు ఏడు గ్రాములు కూడ రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు సుమారు 85 గ్రాముల పప్పుధాన్యాలు ఉండాలని చెబుతున్నది. అందులో సగం పెట్టాలన్నా ఆ ఇంటికి నెలకు ఆరు కిలోలు కావాలి. బయట కొనవలసిన అయిదు కిలోలకు, కిలో 150 చొప్పున, 750 రూపాయలు. ఇంతవరకు నూనె లేదు, కూర లేదు, పాలు లేవు, గ్యాసు లేదు.

ఈ లెక్కలు చదివినప్పుడు నాకు మూడు సంగతులు స్పష్టమైనవి.

మొదటిది, మన ఇళ్ళలో అన్నం అయిపోవడం అరుదు. అయిపోయేది అన్నంలోకి కలుపుకొనేది. నెల మొదటి వారంలో పప్పు, గుడ్డు, కూర. రెండవ వారంలో సాంబారు. మూడవ వారంలో నీళ్ళ చారు. చివరి వారంలో ఊరగాయ, లేదా ఉప్పు కలిపిన గంజి. కడుపు నిండినట్లే ఉంటుంది కాని ఒంటికి పట్టేది ఉండదు.

రెండవది, చేతిలో డబ్బు లేనివారికే సరుకు ప్రియంగా దొరుకుతుంది. నెలకొకసారి కిలో కొనగలిగినవారికి ఒక ధర, రోజుకొక పొట్లం కొనేవారికి మరొక ధర. అరువు ఖాతా ఉన్న కొట్టును వదిలి ధర తక్కువ ఉన్న కొట్టుకు వెళ్ళే స్వేచ్ఛ కూడ వారికి లేదు. దీనిని దుబారా అనడం తగదు.

మూడవది, కోత పడే క్రమం. ముందు పాలు, తరువాత గుడ్డు, తరువాత పప్పు. వీటన్నిటికంటె ముందు, లెక్కలో ఎక్కడా వ్రాయని ఒక కోత ఉన్నది. అది తల్లి కంచం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తమిళనాడులో 53 శాతం. అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలినది తినడం మన ఇళ్ళలో ఆదర్శమైపోయింది. ఆ ఆదర్శానికి మన ఆడవాళ్ళ రక్తం మూల్యమవుతున్నది. ఆ తల్లిని చూచి పదమూడేళ్ళ కూతురు కూడ తన పాలు తమ్మునికి పోయడం నేర్చుకుంటున్నది.

ఇంత చెప్పిన తరువాత, చేతిలో ఉన్నదానితోనే ఏమి చేయగలమో కొన్ని మాటలు చెబుతాను. వీటిలో చాలా భాగం మీకు తెలిసినవే. వీటి వెనుక శాస్త్రం కూడ ఉన్నదని తెలియాలనే చెబుతున్నాను.

జీతమో కూలియో చేతికి వచ్చిన రోజున మొట్టమొదట పప్పుధాన్యాలు, నూనె, చింతపండు నెలకు సరిపడా కొని డబ్బాలలో వేయండి. చీటీ కట్టేదీ, బాకీ తీర్చేదీ ఆ తరువాత. నెలంతటికీ ఒక్కసారి కొనే శక్తి లేనివారు నలుగురు ఇరుగుపొరుగులు కలిసి ఒక మూట తెచ్చుకొని పంచుకోవచ్చు. పప్పును నాలుగు పొట్లాలుగా కట్టి వారానికొకటి విప్పండి. మొదటి వారం కొంత తగ్గినా చివరి వారం పిల్లలకు పప్పు ఉంటుంది.

కందిపప్పు ఒక్కటే పప్పు కాదు. ఉలవలు, అలసందలు, శనగలు, పెసలు అన్నీ బలమైనవే. వరి అన్నంలో కొరవడిన మాంసకృత్తుల భాగాన్ని పప్పు, పప్పులో కొరవడిన దానిని అన్నం పూరిస్తవి. అందుకే మన పెద్దల పప్పన్నం తెలివైన వంట. గింజలను నానబెట్టి మొలకెత్తించి గుగ్గిళ్ళు చేస్తే మరీ మంచిది. గుప్పెడు వేరుశనగలు, చిన్న బెల్లం ముక్క, పది రూపాయల రంగు పొట్లం కంటె ఎన్నో రెట్లు మేలు.

రాగులను చిన్నచూపు చూడవద్దు. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుంది. వరిబియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎదిగే పిల్లల ఎముకలకు ఉదయంపూట అంబలి మంచి ఆధారం. మునగాకు, తోటకూర వండినప్పుడు కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే టీ, కాఫీ త్రాగితే పట్టకుండ పోతుంది. బియ్యం పదేపదే కడిగి, గంజి పారబోస్తే బి విటమిన్లు దానితోపాటే పోతవి. ఈ విటమిను లోపం వల్ల వచ్చే బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి 1918లో మన నీలగిరులలోని కూనూరులో చిన్నగా మొదలైన ప్రయోగశాలయే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందింది. గంజి పారబోయవద్దని అవ్వలు చెప్పిన మాటకు అక్కడ ప్రమాణం దొరికింది.

ఇక ఇంటి పెద్దలకు ఒక విన్నపం. వడ్డన ఒకేసారి జరగాలి. గిన్నెలో ఉన్నది అయిదు భాగాలు చేసి, తల్లి భాగం కూడ కంచంలో పెట్టిన తరువాతనే అందరూ కూర్చోవాలి. దీనికి ఒక్క పైసా అదనపు ఖర్చు లేదు. పురుషులు తలచుకొంటే ఈ రాత్రి నుండే జరుగుతుంది.

బడి భోజనాన్ని కూడ ఇంటి లెక్కలో వేసుకోవాలి. ఇద్దరు పిల్లలు బడిలో తింటే, నెలకు ఇరవై పనిదినాలనుకొన్నా, నలభై భోజనాలు, నలభై గుడ్లు. ఆ మేరకు ఇంటి బియ్యం మిగులుతుంది. కాని ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడడానికి సిగ్గుపడుతున్నారు. ‘ఇంట్లో గతి లేదా’ అని తోటివారు అంటారని వారి భయం. ఆ మాట పిల్లలకు పుట్టుకతో రాదు. పెద్దల నోటి నుండే వింటారు. త్యాగరాయ చెట్టిగారి కాలం నుండి ఈ అన్నం ప్రజల పన్నులతో వండినది. అందులో మీరు అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్ను కూడ ఉన్నది. ఇది భిక్ష కాదు.

అయితే ఒక మాట దాచకుండ చెప్పాలి. పైన చెప్పిన సలహాలన్నీ పాటించినా, కూలి దొరకని పది రోజుల లోటును ఏ గృహిణి తెలివీ పూడ్చలేదు. ఆహారం అంగడిలో ఉన్నంత మాత్రాన అందరికీ అందదనీ, దానిని పొందే శక్తి చేతిలో ఉండాలనీ ఆచార్య అమర్త్య సేన్ 1981లో తన గ్రంథంలో నిరూపించారు. కొట్టు నిండా పప్పు ఉండగానే మన పిల్ల నీళ్ళ చారు తిని వస్తున్నది. కూలి సక్రమంగా ముట్టడం, రేషను సరిగా అందడం, బడిలో అన్నం ఉండడం, ఇవి ఉన్నప్పుడే ఇంటి పొదుపుకు అర్థం ఉంటుంది. ఆ బాధ్యత సమాజానిది, ప్రభుత్వానిది, మనది.

ఇప్పుడు పూర్వ విద్యార్థులతో ఒక మాట. ఈ ఉత్సవానికి గుర్తుగా ముఖద్వారం వద్ద తోరణ నిర్మాణం చేయాలని మీలో కొందరు సంకల్పించారు. మీ అభిమానానికి నమస్కరిస్తున్నాను. ఆ ధనంలో కొంతైనా మరొక పనికి మళ్ళించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఉదయం ప్రార్థనకు ముందు మన పిల్లలకు ఉడికించిన శనగలు పెడదాం. ఒక్కొక్కరికి 30 గ్రాముల గింజలు చాలు. అందులో దాదాపు ఒక కోడిగుడ్డులో ఉన్నంత మాంసకృత్తులు ఉంటవి. రెండు వందల మంది పిల్లలకు రోజుకు ఆరు కిలోలు. కిలో వంద రూపాయలనుకొన్నా రోజుకు 600, పిల్లకు మూడు రూపాయలు. రెండు వందల పనిదినాలకు 1,20,000 రూపాయలు. ఉప్పు, తాలింపు, వంటచెరకు, వండే మనిషి జీతం దీనికి అదనం. ఏటా ఒక్కొక్క సంవత్సరపు పూర్వ విద్యార్థి బృందం ఒక్కొక్క నెల భారం వహిస్తే ఇది నిరాటంకంగా సాగుతుంది.

దీనికి నాదొక్కటే నియమం. ఇది ‘పేద పిల్లలకు’ అన్న పేరుతో జరగరాదు. జాబితాలు వద్దు, ఆదాయ ధ్రువపత్రాలు వద్దు, వేరే వరుస వద్దు. ఉద్యోగి బిడ్డ, కూలి బిడ్డ, మా ఉపాధ్యాయుల బిడ్డలు, అందరూ ఒకే వరుసలో గిన్నె పట్టుకోవాలి. మొదటి రోజున ఆ వరుసలో నేను కూడ నిలబడతాను. తమిళనాడులో రేషను బియ్యం ధనిక పేద జాబితాలతో బిగించకుండ ఉంచినందువల్లనే చాలా ఇళ్ళకు సిగ్గు లేకుండ చేరుతున్నది. ఆ సూత్రమే మన బడికీ వర్తిస్తుంది.

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని మన సామెత. మన పిల్లలు అడగరు. సిగ్గుతో తలనొప్పి అంటారు. వారు అడగవలసిన అవసరమే లేకుండ పెట్టే ఏర్పాటు వచ్చే జూన్‌లో బడి తెరిచిన రోజు నుండి మొదలు కావాలని కోరుతున్నాను. ఉత్సవ సంఘం వారు తమ తదుపరి సమావేశపు కార్యక్రమంలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా సభాముఖంగా విన్నవించుకుంటున్నాను.