గట్టు తగాదా



దుక్కిలో ఏటా ఒక చాలు గట్టులోకి జరిగితే, కొన్నేళ్లకు గట్టే సన్నబడిపోతుంది. గొడవ అక్కడే మొదలు. పెద్దమనుషులు తాడేసి తేల్చినా అది రికార్డుకెక్కదు.

ఆంధ్రప్రదేశ్‌లో సర్వే నంబరు కొలతలు ఎఫ్.ఎం.బి. పటంలో ఉంటాయి, తెలంగాణలో టిప్పన్ చూస్తారు. ఆంధ్ర పాత పటాల్లో కొలతలు లింకుల్లో కనిపిస్తాయి: నూరు లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఇది తెలిస్తే పటం మీరే చదువుకోవచ్చు.

హద్దు తేల్చమని సర్వేకు దరఖాస్తు పెట్టుకోండి. ఆంధ్రలో దీన్ని ఎఫ్-లైన్ అర్జీ అంటారు. చుట్టుపక్కల రైతులకు నోటీసిచ్చాకే కొలవాలి. సర్వేయరు మీ గట్టును నమ్ముకోడు. కదలని పాత హద్దురాయి వెతుక్కుని అక్కణ్నుంచి కొలుస్తాడు. అందుకే ఆ రాళ్లు పీకొద్దు, అది నేరం కూడా. పైరు లేనప్పుడు కొలిపిస్తే ఇద్దరికీ నష్టముండదు.

కొలిచాక రాజీ కుదిరితే లోక్ అదాలత్‌కు వెళ్లండి. కోర్టు ఫీజు లేదు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కుదరకపోతే సివిల్ కోర్టే దిక్కు; అప్పుడూ సర్వే నివేదిక మీ చేతిలో ఉంటుంది.